జీడి వాత కింద గడ్డ

మాఘ బహుళ విదియ, 1926. రాత్రి.

మొన్న కొండ కింద సాలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చంక తడిమి చూసి చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. రొమ్ములో గడ్డ మీద అత్తయ్య నల్లజీడి గింజ కాల్చి వాత పెట్టిస్తే పైపుండు మానింది, తగ్గిందనుకున్నాం. లోపల అది చంకలోకి పాకింది. రొమ్ముతో పాటు చంకలో గడ్డలూ కోసి తీసేయాలట. ఆలస్యమైతే ఎముకల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అప్పుడిక కత్తికి అందదట.

మా కొట్టుకి పసుపు తెచ్చే కొండ ఆడమనిషి సోంబారికీ ముందు రొమ్ములోనే గడ్డ. తరవాత నడుం నొప్పంటే మోతల వల్లే అనుకుని అక్కడా వాత పెట్టారు. ఇప్పుడు మంచం దిగలేకపోతోంది.

"ఇంకోపాలి జీడి ఎట్టిద్దుము. కోయించుకుంటే బతుకుతావేటి?" అంది అత్తయ్య. వద్దన్నాను. కోస్తే పూర్తిగా పోతుందని డాక్టరమ్మ కూడా మాట ఇవ్వలేదు. అయినా...

రేపు తెల్లవారే సాలూరు ప్రయాణం. సాయంత్రం డోలీ మోసేవాళ్లను పిలిపించాను. వాళ్లలో పెద్దాయన లోపలికి తొంగి చూసి, "రోగిష్టోలు ఎవులమ్మా?" అన్నాడు.

"నేనే. కొండ నడిచే దిగుతాను. డోలీ ఖాళీగానే పట్టుకురండి. అది నేను తిరిగి రాడానికి."