సబ్బు రాసిన బెల్టు

అక్కా, నేను బాగానే ఉన్నాను, కానీ నీ ఉత్తరం చదివాక మనసు మనసులో లేదు. వ్యాను పొద్దున్నే కీచుమంటోందనీ, బావ బెల్టుకి సబ్బు రుద్దగానే నోరు మూసుకుందనీ నవ్వుతూ రాశావు. అది నవ్వే మాట కాదు.

నిన్న మా షెడ్డుకీ అలాంటి పాత వ్యానే వచ్చింది. కొత్త బెల్టు వేసినా అంచు పీచులు లేస్తోంది. "సబ్బు రాసి పంపెయ్‌రా, నువ్వేమన్నా బండ్ల డాక్టరువా" అన్నాడు మా ఓనరు. నేను వినలేదు. బెల్టు విప్పి, అది తిరిగే కప్పీలన్నీ చేత్తో తిప్పి చూశాను. ఒకటి ఇసుక నమిలినట్టు గరగరలాడింది. బేరింగు అరిగి, కప్పీ ఒరిగి, బెల్టుని అదే కోసేస్తోంది. అది మార్చాకే కీచు ఆగింది.

బావ బండిలో బ్రేకుకి బలమిచ్చే పంపూ ఆ బెల్టుతోనే తిరుగుతుంది. దిగుడు రోడ్డులో బెల్టు తెగితే బ్రేకు పెడలు రాయిలా బిగుస్తుంది, ఎంత తొక్కినా బండి ఒక పట్టాన ఆగదు. వెనక బడిపిల్లలు, వాళ్ళలో మన చిన్నది. కప్పీలు చూపించేదాకా బండి కదపొద్దని చెప్పు. "నిన్నగాక మొన్న స్పానరు పట్టినవాడు నాకు చెప్తాడా" అంటాడు. అననీ. తాళంచెవి వంటింట్లో ఏ డబ్బాలో పడేసినా ఆయనకి ఈ జన్మకి దొరకదు.

అమ్మ మోకాలికి మందు రాస్తున్నావా? అందరికీ దణ్ణాలు. ఈ కార్డు చేరేదాకా ఆ బెల్టు తెగకుండా ఉంటే చాలు.

నీ తమ్ముడు