సుబ్బయ్య ఊపిరి

1960 మే 12, గురువారం, బందరు

అవనిగడ్డ పెళ్లిలో నేనూ, చెల్లెలి మొగుడు సుబ్బయ్యా సన్నాయి వాయించి, ఒకే కుండలో కల్లు తాగి బస్సెక్కాం. పులిగడ్డ దగ్గర మద్యనిషేధం పోలీసులు బస్సు ఆపారు.

"ఊదు," అని కానిస్టేబుల్ నా నోటి దగ్గర ముక్కు పెట్టాడు. మూడుసార్లు ప్రయత్నించాను. ఈ ఉబ్బసంతో పిల్లికూతలే తప్ప గాలి రాలేదు.

"మా బావకి ఆయాసమండీ, వదిలెయ్యండి," అన్నాడు సుబ్బయ్య. వాడి జాలి నాకు గిట్టదు.

తర్వాత వాడు ఊదాడు. కానిస్టేబుల్ మీసం కదిలింది. వాణ్ణి స్టేషనుకి తీసుకుపోయారు.

రేపు గుడివాడ పెళ్లిలో మేళానికి ముందు సన్నాయిగా వాడి చోటు నాదే. రెండేళ్లుగా కోరుకున్నదే. అవతల చెల్లెలు ఏడుస్తోంది. నాకు మాత్రం ఆ మీసం కదలడమే గుర్తొస్తోంది. అలా ఊది నేను పట్టుబడినా బాగుండేది.