మూడు నెలలకోసారి మార్చాలి

నెల్లిమర్ల

చిరంజీవి శ్రావణికి మావయ్య దీవెనలు.

నలభై ఏళ్ళు డోలు పక్కన కూర్చున్న చెవులివి, ఫోనులో నీ మాట ఎక్కడం లేదు. అందుకే ఉత్తరం. నా ముందుపళ్ళు రెండూ కదులుతున్నాయి. తోముకుంటే నెత్తురు. ఇవి పోతే సన్నాయి పట్టు నిలవదు. గోపాలస్వామి కల్యాణం నాలుగు నెలల్లో ఉంది. నేను ఊదకపోతే కమిటీవాళ్ళు స్పీకరు పెడతారట. తాతల నాటి సేవ నా నోట్లో ఆగిపోతుందేమోనని బెంగగా ఉంది. పళ్ళ డాక్టరువి, దారి చూపించు.

జగన్నాథం మావయ్య

తా.క. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి గట్టిగానే తోముతున్నాను. లోపం అక్కడ లేదు.

శ్రీకాకుళం

మావయ్యకు నమస్కారాలు.

లోపం అక్కడే ఉంది. బొగ్గు మానేయండి. మెత్తటి బ్రష్, పేస్టు పంపుతున్నాను. రెండు పూటలా రెండేసి నిమిషాలు, చిగుళ్ళ దగ్గర నుంచి చిన్న సున్నాలు చుట్టినట్టు, నెమ్మదిగా తోమండి. ఒకసారి వచ్చి చూపించుకోండి.

శ్రావణి

తా.క. మూడు నెలలకోసారి బ్రష్ మార్చాలి. మరిచిపోకండి.

నెల్లిమర్ల

శ్రావణీ, నీకంతా శుభం.

నిమిషాలు లెక్క తెలియక ఆదితాళం వేసుకుని తోముతున్నాను. నెమ్మదిగానే ఎత్తుకుంటాను, కానీ చేయి ఊరుకోదు, మూడో కాలం వేగం అందుకుంటుంది. నెత్తురు తగ్గలేదు. నిన్నటితో మూడు నెలలు నిండాయి కాబట్టి బ్రష్ మార్చేశాను. నా బ్రష్ మన డోలు వాయించే ఈశ్వర్‌కిచ్చి వాడిది నేను తీసుకున్నాను. "నాలుగేళ్ళబట్టి అలవాటైపోనాది బావా" అని వాడు చాలా బాధపడ్డాడు.

మావయ్య

తా.క. వాడి బ్రష్ నువ్వు పంపినదానికంటే మెత్తన. కుచ్చంతా పడుకుండిపోయింది.

శ్రీకాకుళం

మావయ్యా,

మీ ఉత్తరం చదివి పేషెంటు ముందే తల పట్టుకున్నాను. మార్చడమంటే పాతది పారేసి కొత్తది కొనుక్కోవడం. ఒకరిది ఒకరు తీసుకోవడం కాదు. తాళం అసలే వద్దు. సొంత మావయ్య పళ్ళు కాపాడలేకపోతే నా చదువెందుకు? రేపే బయల్దేరి రండి.

శ్రావణి

తా.క. ఈశ్వర్ గారి బ్రష్ పారేయండి. బతిమాలుతున్నాను.

నెల్లిమర్ల

తల్లీ,

పారేశాను. నీ ఉత్తరం కల్యాణం నాడు అందింది. అప్పటికే రెండు పళ్ళూ నా అరచేతిలో ఉన్నాయి. సన్నాయి ఎత్తితే గాలి తప్ప స్వరం రాలేదు. కోవెల మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. కమిటీవాళ్ళు స్పీకరు తెచ్చి వైర్లు కూడా లాగుతున్నారు. అప్పుడు ఈశ్వర్ వచ్చి, "బ్రష్షులు మార్సుకున్నాం గదా బావా, ఇవి మార్సుకుంటే ఏటైపోద్ది?" అని సన్నాయి తీసుకుని డోలు నా ఒళ్ళో పెట్టాడు. నలభై ఏళ్ళూ నా పక్కన వింటూ నేర్చుకున్నాడట.

ఏం విన్నాడో తెలియదు. వాడు ఊదుతుంటే పళ్ళు పోయినదానికంటే ఎక్కువ ఏడుపొచ్చింది. పంతులుగారు మంత్రం మరిచిపోయారు. అయినా సేవ ఆగలేదు. స్పీకరు వెనక్కి వెళ్ళింది.

బోసినోటి మావయ్య

తా.క. పళ్ళు కట్టించుకోవడానికి సోమవారం వస్తున్నాను. మూడు నెలల్లో సన్నాయి, డోలు మళ్ళీ మార్చుకుంటామని, అంతవరకూ ఓపిక పట్టమని ఊరికి చెప్పాను. ఇది డాక్టరు మాటేనని నీ పేరే చెప్పాను.