గడుల్లో దాచిన నలుగురు

హార్లోవిక్ రేవు,
1991 నవంబరు 9, శనివారం.

ప్రియమైన ఎడ్నా అక్కయ్యకు,

తమ్ముడు సిరిల్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ డోరీనూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు కోప్పడకు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చించేశాను.

డోరీన్ మోకాలి గురించి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు నన్నూ, దిగేటప్పుడు డాక్టరునీ తిట్టుకుంటోంది, అంతకు మించి ఇబ్బంది లేదు. రేవులో చేపల వేలం షెడ్డు పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేశారు. బడిలో ఈ ఏడు పిల్లలు తగ్గారు. వాన మాత్రం తగ్గలేదు.

నేను మన ఊరి పేపరుకు అల్లి, సెప్టెంబరులో నీకు పంపిన గళ్ల నుడికట్టులో మూడు ఆధారాలు ఎంత గింజుకున్నా కొరుకుడు పడలేదని రాశావు. "బడిపంతులివి, నీకెందుకురా ఇన్ని మెలికలు" అని చీవాట్లు కూడా పెట్టావు. చెబుతాను.

అడ్డం నాలుగు: "నిప్పు తల మారితే వంటకు రుచి." నిప్పులో మొదటి అక్షరం తీసేసి ఇంకొకటి పెట్టాలి. జవాబు ఉప్పు. నిలువు తొమ్మిది: "ఒంటరివాడి తల తీస్తే నల్లగా ఎగురుతుంది." ఒంటరివాడు ఏకాకి. తల తీసేస్తే కాకి. అడ్డం పదిహేడు: "ఎటు తిరిగి పడుకున్నా చిన్న నిద్రే." ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాట కావాలి. కునుకు. నిలువు రెండు, "పాటకు వేస్తారు, తలుపుకూ వేస్తారు" అన్నది నీకే తెలిసింది. తాళం.

ఇప్పుడు ఆ నాలుగు మాటలూ పక్కపక్కన పెట్టి చదువు అక్కయ్యా. ఉప్పు, తాళం, కాకి, కునుకు.

మన రేవులో సగం ఇళ్లకు స్టాంటన్ అనేదే ఇంటిపేరు కదా, అందుకని మగవాళ్లందరికీ మారుపేర్లే. ఉప్పు, నేను పనిచేసిన పడవ యజమాని. తాళం అతని తమ్ముడు, తినే రొట్టెకు కూడా తాళం వేసే మనిషి. కాకి, ఆ నల్లజుట్టు వాడు. ఇక కునుకు ఎవరో నీకు నేను చెప్పాలా? నిలబడి కూడా నిద్రపోయేవాడని ఊరంతా నవ్వేది. నువ్వు మాత్రం జెఫ్రీ అనే పిలిచేదానివి.

ఆ పడవ 'సీ హార్వెస్ట్' నలుగురితో సహా మునిగి ముప్పైమూడేళ్లవుతున్నాయి. వాళ్ల నలుగురినీ ఆ గడుల్లో దాచాను. పేపరు కొనే కుర్రకారుకు ఆ పేర్లు తెలియవు. తెలిసిన ముసలివాళ్లు నుడికట్టు జోలికి రారు. ఎవరికీ తెలియకుండా ఒక దండం పెట్టుకున్నట్టు ఉంటుందనుకున్నాను.

పేపరు వచ్చిన ఐదో రోజున ఒక పోస్టుకార్డు వచ్చింది. పేరు లేదు, ముద్ర మన ఊరి పోస్టాఫీసుదే. వణికే పెద్ద అక్షరాలు. "నలుగురిని పెట్టావు. నాలుగోవాడు ఎవరి బదులు వెళ్లాడు? ఆ పేరు ఏ గడిలో ఉంది?"

గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివాను. డోరీన్ చూసి, "ఏంటయ్యా, ఎవత్తైనా ప్రేమలేఖ రాసిందా? మొహం అలా మాడింది!" అంది. కార్డు పొయ్యిలో పడేసి, పేపరు వాళ్లు ఏదో తప్పు దొరికిందని రాశారన్నాను.

వారం తిరక్కుండా రెండోది వచ్చింది. ఈసారి ఒక ఆధారం, అంతే. "ఒళ్లు కాలింది, చివరికి వరమైంది." పదకొండేళ్లుగా ఇవి అల్లేవాణ్ని, నాకు ఒక్క క్షణం పట్టలేదు. వరంతో ముగిసే మాట, ఒళ్లు కాలేది. జ్వరం.

ఆ రోజునుంచి నాకు తిండి సయించలేదు. వీధిలో ఎవరు పలకరించినా వీళ్లేనా అని చూసేవాణ్ని. రొట్టెల కొట్లో హంఫ్రీ, "ఏం మాస్టారూ, జ్వరమా? అలా పాలిపోయారేంటి?" అన్నాడు పాపం. నేను రొట్టె అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. టపా బండి చప్పుడు వింటే వీధి గది కర్టెన్లు మూసేసేవాణ్ని. తరగతిలో ఎవరో పిల్ల దగ్గితే సుద్దముక్క చేతిలోంచి జారింది. ఒక రోజు బడికే వెళ్లలేక రేవుగోడ చివర గంటసేపు నిలబడ్డాను. అక్కడ కూడా నిలవలేకపోయాను, నీళ్ల చప్పుడు.

మూడో కార్డులో చిక్కుముడి లేదు. "మంగళవారం మూడింటికి టీకి రా. కొండమీద వృద్ధుల ఇల్లు, ఆరో గది."

ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో లెక్కలేదు. తలుపు తీస్తే కిటికీ పక్కన కుర్చీలో విన్నీ అత్త. జెఫ్రీ వాళ్లమ్మ. ఎనభై దాటింది, చూపు బానే ఉంది. ఒడిలో మన పేపరు, చెవి మీద పెన్సిలు.

"కూర్చోరా సిరిల్. ఏంటి, ఇప్పుడు నిజంగానే జ్వరమొచ్చినట్టుంది నీకు?"

"అత్తా, ఆ కార్డులు…"

"నేనే. మరి ఎవరనుకున్నావు, పోలీసులా? టీ పోసుకో. నాకూ పొయ్యి. చెయ్యి వణక్కుండా పొయ్యి."

వణికింది. టీ సాసర్లోకి ఒలికింది. ఆవిడ చూసి, "ఆ రోజు మా గుమ్మంలో కూడా ఇలాగే వణికింది ఈ చెయ్యి. తలుపు తీస్తుంటే నా చేతికి తగిలింది. మంచుగడ్డలా ఉంది. ఒళ్లు కాలిపోతోందని గోడ అవతలనుంచి మీ అమ్మ అంటోంది, నువ్వూ అంటున్నావు. నాకు అర్థమైపోయింది," అంది.

"మరి అప్పుడే ఎందుకు అనలేదత్తా?"

"అంటే? వాడొస్తాడా? నీకు పంతొమ్మిదేళ్లు. ఊళ్లో తలెత్తుకోనిచ్చేవాళ్లా నిన్ను? నువ్వే చెబుతావులే అనుకున్నా. ఇదిగో, పదకొండేళ్లనుంచి వారం వారం నీ గళ్లు నింపుతున్నా, ఎక్కడైనా ఒక్క మాట దాచావేమోనని. దాచావు. వాళ్ల పేర్లు దాచావు గానీ నీది దాచలేదురా."

నేను ఏడ్చాను అక్కయ్యా. ఆవిడ ఏడవలేదు. "నాకు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ఆ పిల్లకి, మీ అక్కకి రాయి. నా కొడుకు మాట తప్పాడనుకుని దేశం వదిలి పోయింది. నేను పోయేలోగా రాయి," అంది.

అందుకని రాస్తున్నాను. చేతిరాత బాగాలేకపోతే కారణం చలి కాదు.

పడవ మునగడానికి ముందు వారం ఒక అల నన్ను పడవ అంచు మీదుగా నడుము దాకా ఈడ్చేసింది. ఉప్పు బెల్టు పట్టుకుని లోపలికి లాగాడు. నవ్వాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత బకెట్లో నీళ్లు కదిలినా కళ్లు మూసుకునేవాణ్ని. భయమని ఎవరితో చెప్పను? మన ఇంట్లో మగపిల్లాడు ఆ మాట అనడం నువ్వెప్పుడైనా విన్నావా? ఆ పొద్దున వేడినీళ్ల సీసా నుదుటికి ఆనించుకుని, ఎర్రబడ్డాక అమ్మను పిలిచాను. జ్వరమొచ్చినవాడు తన బదులు మనిషిని తనే చూసుకోవాలి, అది రేవు మర్యాద. దుప్పటి చుట్టుకుని పక్కింటికి, జెఫ్రీ వాళ్లింటికి వెళ్లాను. పెళ్లి అయ్యేదాకా నీళ్ల మీదికి వెళ్లనని జెఫ్రీ నీకు మాటిచ్చాడని నాకు తెలుసు. ఇంకా మూడు వారాలే ఉందని కూడా తెలుసు. అయినా వెళ్లాను, ఎందుకంటే ఆ గంటలో కాదనకుండా వచ్చేది వాడొక్కడే. బల్ల మీద నిద్రపోతున్నాడు. భుజం పట్టి నేనే లేపాను.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మిగతాది నీకు తెలుసు.

నువ్వు అడిగినప్పుడు, "నేను అడగలేదు, తనే నా చోట వెళ్తానన్నాడు" అన్నాను. నువ్వు ఉంగరం తీసి రేవుగోడ మీంచి విసిరేశావు. "నాకంటే సముద్రమే ఎక్కువైంది వాడికి" అన్నావు. నేను పక్కనే నిలబడి విన్నాను. అప్పుడు నోరు విప్పితే నువ్వు నన్ను కూడా నీళ్లలోకి తోసేస్తావని భయపడ్డాను. ఆ తర్వాత నువ్వు ఓడ ఎక్కుతుంటే భయపడ్డాను. నీకు పెళ్లయిందని తెలిశాక, ఇప్పుడెందుకు చెప్పడం అనుకున్నాను, అదీ భయమే. ఈ క్షణంలో కూడా నీ జవాబు తలుచుకుంటే భయంగానే ఉంది. నువ్వు అసలు జవాబే రాయకపోతే ఎలాగని అంతకంటే భయంగా ఉంది. క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

డోరీన్‌కు నిన్న చెప్పాను. అంతా విని, కోటు తొడుక్కుని వెళ్లి పోస్టాఫీసులో న్యూజిలాండుకు స్టాంపులు కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది.

ఇంకొక్కటే ఉంది. దీన్ని విన్నీ అత్తకు కూడా చెప్పలేదు, ఇది నీది కాబట్టి. జెఫ్రీ బూట్లు తొడుక్కుని, గుమ్మం దిగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. నువ్వు ఇంకా నిద్ర లేవలేదు. మన మేడమీది కిటికీ వంక చూసి నాతో గొంతు తగ్గించి అన్నాడు. ఆ మాట నీకు చేరవేస్తే నా అబద్ధం బయటపడుతుందని అప్పుడు మింగేశాను. వాడు అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"మీ అక్క లేచాక చెప్పరా, మాట తప్పలేదని. తమ్ముడికి ఒంట్లో బాలేదని వెళ్తున్నా, ఈ ఒక్క రోజే. తిట్లన్నీ దాచిపెట్టమను, సాయంత్రం వచ్చి దగ్గర కూర్చుని తింటాను."

ఇట్లు,
నీ తమ్ముడు,
సిరిల్