కూలింగ్ ఆగిన ఆదివారం

మార్చి 3, సోమవారం

గైడ్ గారు తేల్చేశారు. నెలాఖరులోగా నా పరిశోధనలో పనికొచ్చే ఫలితం ఏదో ఒకటి చూపించాలట, లేదంటే ప్రాజెక్టు మూసేద్దామన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆయన తప్పేం లేదు. టమాటా మొక్కలే నా మాట వినడం లేదు. ప్రోటీన్ తయారు చేయని ఆర్ఎన్ఏ ఒకటి వాటిలో ఉంది. దానితో పనేముందని ఎవరూ పట్టించుకోలేదు. పనే లేకపోతే మొక్క దాన్నెందుకు తయారు చేసుకుంటుందని నా మొండి వాదన. అందుకే జన్యువు మార్చి అది లేకుండా చేసిన మొక్కల్ని ఒక ట్రేలో, మామూలు మొక్కల్ని పక్క ట్రేలో పెంచాను. అది లేనివి నీరసించలేదు సరికదా, ఇంకా ఏపుగా ఎదిగాయి. పీడా పోయిందన్నట్టు. గైడ్ గారు నవ్వేశారు.

మార్చి 5

పక్క బెంచీ స్నేహితురాలు వేరే ల్యాబుకి మారిపోయింది కదా, ఇవాళ నా పైపెట్లు అటు కూడా పరిచేశాను. చోటు విశాలంగా ఉంది.

మార్చి 7, శుక్రవారం

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఏం పని చేస్తున్నావే అని అడగడం ఎప్పుడో మానేసింది. తిన్నావా, ఒంట్లో బాగుందా, అంతే. ఈసారి నేనే మొక్కల సంగతి మొదలుపెట్టాను. ఎవరో వచ్చారే, మళ్లీ చేస్తా అని పెట్టేసింది. చేయలేదు.

మార్చి 9, ఆదివారం

మొక్కల గది తలుపు తీస్తే వేడి ముఖం మీద కొట్టింది. కూలింగ్ ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. రెండు ట్రేలూ వాలిపోయాయి, అన్నీ.

ఏసీ మెకానిక్‌కి ఫోన్ చేశాను. హలో అనబోతే గొంతు పెగల్లేదు. అక్క ఫోన్ పెట్టేశాక ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

అతను వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంకోచోట ఇరుక్కుపోయాడట. బాగుచేసి వెళ్లాడు. రెండు ట్రేలకూ సమంగా నీళ్లు పోశాను. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది.

మార్చి 10, ఉదయం

మామూలు మొక్కలు తలెత్తాయి! ఆర్ఎన్ఏ లేనివి ఒక్కటీ లేవలేదు. కాడలు పట్టుకుని చూశాను, మెత్తబడిపోయాయి.

అదన్నమాట దాని పని. మంచి రోజుల్లో మొక్కను కాస్త వెనక్కి లాగి పట్టుకుంటుంది. వేడి మీద పడ్డప్పుడు నిలబెడుతుంది.

గదిలో ఎగిరి గంతేశాను. చూసేవాళ్లెవరూ లేరు. అక్కకి చేస్తే ఎంగేజ్.

అంతలో మెకానిక్ గ్యాస్ చూసుకోవడానికి వచ్చాడు. చచ్చిన ట్రే చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను లేటుగా రావడం వల్లేనా మేడమ్ అన్నాడు. లేటుగా వచ్చి నన్ను గట్టెక్కించారు అన్నాను. తిట్టాలంటే తిట్టేయండి మేడమ్, ఇలా నవ్వుతూ అనకండి, భయమేస్తోంది అన్నాడు. స్టూలు మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. పానా ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు. అయితే మళ్లీ కావాలని కూలింగ్ ఆపి చూస్తారా అని అడిగాడు. అవునన్నాను. దానికి మాత్రం నన్ను పిలవకండి, చెడగొట్టడానికి నాకు చేతులు రావు అన్నాడు.

గైడ్ గారు మాత్రం ఒక ప్రమాదాన్ని ప్రయోగమనలేం అన్నారు. అంటూనే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. గడువు పెంచారు.

ఏప్రిల్ 21

కొత్త మొక్కలు. వేడి నేనే పెంచాను. గింజ నాటిన చేత్తో ఆ నాబ్ తిప్పడానికి మనసొప్పలేదు. తిప్పాను.

మళ్లీ అదే జరిగింది.

అక్టోబర్ 16

ఆర్ఎన్ఏను తిరిగి చేర్చిన మొక్కలు వేడిని తట్టుకున్నాయి. పొట్టిగానే ఉన్నాయి, కానీ బతికాయి. ఇక సందేహం లేదు. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు, గైడ్ గారు లేచి నిలబడి మరీ. తర్వాత ఎవరి బస్సుకి వాళ్లు వెళ్లిపోయారు. కప్పులు కడిగి వచ్చాను.

నవంబర్ 2

పేపర్లో ఆ ఆర్ఎన్ఏకి ఒక పేరు పెట్టాలట. ఎవరి పేరైనా సరే, నా ఇష్టమన్నారు. అక్క నన్ను ఏమే అంటుంది. ఇక్కడ మేడమ్. ఇంటికొచ్చి తలుపు వేసుకుని నా పేరు నేనే పైకి ఒకసారి పిలిచి చూశాను. ఎక్కడో విన్న పేరులా ఉంది.