రాక్షసుడికి వన్స్‌మోర్

12 ఫిబ్రవరి 2005, శనివారం. గద్వాల.

సంస్థానం నాటి మన నాటకశాల ఈ సీజన్‌లో ఇవాళే నిండింది. నిండిన రోజే స్టేజి మీద నెత్తురు కారింది.

రాజు వేషం నర్సిములుది. రాక్షసుడు బాలరాజు, నర్సిములు చెల్లెలు పద్మకు మొగుడు. పొద్దున పద్మ వాచిన కంటితో అన్న ఇంటికి వస్తే, బాలరాజు జుట్టు పట్టి వెనక్కి ఈడ్చుకుపోయాడట. మేకప్ గదిలో ఆ మాట విని కూడా నేను హార్మోనియం ముందు కూర్చున్నాను.

వధ ఘట్టంలో నర్సిములు అట్ట గదను అవతల పారేసి పిడికిళ్లతో గుద్దాడు. బాలరాజు పన్ను ఊడి నా హార్మోనియం మీద పడింది. జనం అదంతా నటనే అనుకుని "వన్స్‌మోర్" అని ఈలలు వేశారు. వన్స్‌మోర్ పడితే నేను పాట మళ్లీ ఎత్తుకోవాలి, చచ్చిన వేషం లేచి మళ్లీ చావాలి. అది మన ఆనవాయితీ. దరిద్రపు చేతులు, వాటంతట అవే ఎత్తుకున్నాయి. బాలరాజు లేచాడు. ఈసారి దెబ్బలు ఇంకా గట్టిగా పడ్డాయి.

తెర పడ్డాక బాలరాజు నెత్తురు ఉమ్మి నవ్వాడు.

"మంచిగ కొట్టినవ్ బావా. నేనిప్పుడు ఇంటికే పోత. నీ చెల్లె ఆడనే ఉంది."

"దాని మీద చెయ్యేస్తే నిన్ను చంపుత!"

"చంపుదువులే, వచ్చే శనివారం ఆటల."

బాలరాజు ఇల్లు మా గోడకు అవతలే. ఇందాక లోపలి గడియ పడింది. పద్మ ఒకసారి అరిచింది.

ఇంకోసారి అరిస్తే పోదామని, ఇలా రాస్తూ కూర్చున్నాను.