ఈసారి వెనక సీటు మీది

ఏమండీ, గ్యాస్ కట్టేశాను. అయినా ఒకసారి చూడండి, నాకు భయం. నేను షోరూముకి వెళ్తున్నాను. కొండదారైనా ఎక్కేస్తుందని మీరు మురిసిపోతున్న ఆ పెద్ద కారు మళ్ళీ నడిపి చూపించమన్నాను. నిన్న నన్ను చివరి సీట్లో కూర్చోబెట్టి రాళ్ళదారిలో తోలారు. తల పైకప్పుకి కొట్టుకుని, ఆపండి మొర్రో అంటే, "బండి సత్తా చూడనీవే" అని మీరూ ఆ సేల్స్ అబ్బాయీ పకపకా నవ్వారు. బొప్పి ఇంకా తగ్గలేదు.

సాయంత్రం కారు ఇంటికొస్తుంది. అదే దారి. ముందు సీట్లో నేను, చివరి సీట్లో మీరు. ఎంత అరిచినా ఆపొద్దని అతనికి చెప్పేస్తాను. దిగాక కూడా బాగుందంటే కొనండి.

తలకి చుట్టుకోవడానికి తువ్వాలు కుర్చీ మీద పెట్టాను. బెల్టు పెట్టుకోండి. కొంటే అక్కడ కూర్చునేది మన పిల్లలే.